దొరికిపోయిన గాయకుడొక్కడే దోషా?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

వేదిక మీద పాడుతున్నట్టు నటిస్తూ దొరికిపోయిన పాప్ గాయకుల గురించి మీ వినోదం పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. సరదాగా సాగిన వ్యాసమే, అందులో చెప్పిన సంఘటనలూ జరిగినవే. అయితే మిల్లీ వనీలీ మొదలుకొని బియాన్సే దాకా అందరినీ ఒకే గాటన కట్టి, పట్టుబడిన దొంగల వరుసలా నిలబెట్టడం నాకు సబబుగా తోచలేదు. అరువు గొంతుతో పేరు తెచ్చుకున్నవారూ, తమ గొంతునే ముందుగా రికార్డు చేసుకుని వచ్చినవారూ, టీవీ కార్యక్రమం పెట్టిన నిబంధనకు తలొగ్గి పెదవులు కదిపినవారూ ఒకే నేరం చేశారనడం వల్ల అడగవలసిన ప్రశ్న మరుగున పడుతోంది. తాము వినబోయేది అప్పటికప్పుడు పాడే గొంతో, ముందే పట్టి ఉంచిన గొంతో శ్రోతలకు ఎవరైనా చెప్పారా, చెప్పకూడదన్న నిర్ణయం ఎవరిది అన్నదే ఆ ప్రశ్న. పరికరం మొరాయించిన క్షణంలో వేదిక మీద ఉన్నది గాయకుడు గనుక నవ్వులపాలయ్యేది అతడొక్కడే. నిర్ణయం తీసుకున్నవారు మాత్రం ఎప్పుడూ తెర వెనుకే ఉండిపోతారు.

మీ వ్యాసం మొదలైన చోటే నేనూ మొదలుపెడతాను. 1989 జులైలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, బ్రిస్టల్ పట్టణంలోని ఒక వినోద ఉద్యానంలో మిల్లీ వనీలీ జంట రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వన్ ప్రదర్శన ఇస్తుండగా వెనుక నడుస్తున్న రికార్డింగు ఒకచోట ఇరుక్కుపోయి, పల్లవిలోని ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ వినిపించసాగింది. పిలాటస్ కాసేపు దానికి తగ్గట్టే పెదవులు కదిపి, ఇక లాభం లేదనుకుని వేదిక వదిలి పరుగెత్తాడు. ఆ జంట పతనానికి ఈ ఘటనే కారణమన్నట్టు మీ వ్యాసం రాసింది. నిజానికి ఆ రోజు అక్కడున్న జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అతణ్ని నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చారు, ప్రదర్శన కొనసాగింది. అంతేకాదు, 1990 ఫిబ్రవరిలో ఉత్తమ నూతన కళాకారులుగా వారికి గ్రామీ పురస్కారం కూడా దక్కింది. బండారం బయటపడింది ఆ ఏడాది నవంబరులో, అదీ వారి నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ తానే ప్రకటించినప్పుడు. తర్వాతి ఆల్బమ్‌లో తామే పాడతామని ఇద్దరూ పట్టుబట్టడంతో, ఇంతవరకు వచ్చిన పాటల్లోనూ వారి గొంతు లేదని అతడు లోకానికి చెప్పేశాడు. పాడినవారు చార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్ వంటి వేరే గాయకులు.

ఆ తరువాత జరిగినదే మనం గమనించవలసింది. గ్రామీని వెనక్కి తీసుకున్నారు. ఆల్బమ్ కొన్నవారికీ కచేరీ టికెట్లు కొన్నవారికీ కొంత సొమ్ము వాపసు ఇచ్చేలా కోర్టులో ఒప్పందం కుదిరింది. ఆ ఇద్దరు యువకులూ లాస్ ఏంజెలిస్‌లో విలేకరులను పిలిచి, తమకూ పాడటం వచ్చునని వారి ఎదుటే పాడి చూపించవలసిన దుస్థితిలో పడ్డారు. వారి పేరు వంచనకు మారుపేరుగా మిగిలింది. పిలాటస్ 1998లో చిన్న వయసులోనే మరణించాడు. ఈ పథకమంతా ఎవరి మెదడులో పుట్టిందో ఆ నిర్మాత మాత్రం తన వృత్తిలో కొనసాగాడు. ఫారియన్‌కు ఇది మొదటిసారి కూడా కాదు. 1970ల్లో అతడు నడిపిన బోనీ ఎం బృందంలో బాబీ ఫారెల్ వేదిక మీద ఆడిపాడుతూ కనిపించేవాడు, రికార్డుల్లో వినిపించిన పురుష కంఠం ఫారియన్‌దే. అప్పుడు ప్రపంచం ఆ పాటలకు చిందులు వేసిందే తప్ప పురస్కారాలు వెనక్కి అడగలేదు. పదేళ్లు దాటాక అదే చేతివాటం మరో ఇద్దరు కుర్రాళ్ల మీద ప్రయోగిస్తే, శిక్ష ఆ కుర్రాళ్లకు పడింది. వారు అమాయకులని నేను అనడం లేదు. తమది కాని గొంతుకు వచ్చిన పురస్కారాన్ని అందుకున్నప్పుడు వారికి సంగతి తెలుసు. అయినా తిలా పాపం తలా పిడికెడు అన్నప్పుడు, ఆ పిడికిళ్లలో ఒకటి నిర్మాతకూ, ఒకటి ఆ పాటలతో లాభపడిన కంపెనీలకూ పంచవలసి ఉంటుంది.

ఇదే కాలంలో దీనికి మరోవైపు నుంచి జరిగిన అన్యాయం ఒకటుంది. పాప్ సంగీతంలో పెదవుల వంచన గురించి రాసేవారు దాన్ని తరచుగా వదిలేస్తారు, మీ వ్యాసంలోనూ అది లేదు. మార్తా వాష్ అనే గాయని పాడిన పాటలకు వీడియోల్లో సన్నని, పడుచు మోడళ్లను నిలబెట్టి పెదవులు కదిపించారు. సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ బృందం 1990లో విడుదల చేసిన ప్రసిద్ధ నృత్యగీతంలో గొంతు ఆమెది, తెర మీద రూపం జెల్మా డేవిస్‌ది. మార్తా వాష్ కోర్టుకెక్కింది. చివరకు కుదిరిన ఒప్పందంలో భాగంగా గానం ఎవరిదో, తెర మీద కనిపించేది ఎవరో వీడియోలో స్పష్టంగా వేయాలని సోనీ సంస్థ ఎంటీవీని కోరవలసి వచ్చింది. పాట అదే, నృత్యమూ అదే. కొత్తగా వచ్చి చేరింది రెండు పేర్ల వరుస ఒక్కటే. దానితోనే శ్రోతకు జరుగుతున్న మోసమూ, గాయనికి జరుగుతున్న అన్యాయమూ రెండూ తొలగిపోయాయి. సినిమాలో నటి పెదవులకు వేరే గాయని గొంతు ఇస్తే ఎవరూ మోసపోయామని బాధపడకపోవడానికి కారణం కూడా ఇదే కదా. అక్కడ గాయని పేరు తెర మీదా, రికార్డు అట్ట మీదా ఉంటుంది.

ఇక అమెరికన్ పాప్ గాయని ఆష్లీ సింప్సన్ సంగతి. 2004 అక్టోబరు 23న సాటర్డే నైట్ లైవ్ అనే ప్రత్యక్ష ప్రసార టీవీ కార్యక్రమంలో ఆమె మొదటి పాట ఏ ఆటంకమూ లేకుండా ముగించింది. రెండో పాటకు వేదిక మీదికి వచ్చి, మైకును ఇంకా నడుము దగ్గరే పట్టుకుని ఉండగా, మొదటి పాట తాలూకు ఆమె గొంతే స్పీకర్లలోంచి మళ్లీ వినబడింది. ఏం చేయాలో తోచక ఆమె కొన్ని క్షణాలు పల్లెటూరి చిందు లాంటిదొకటి వేసి వేదిక దిగిపోయింది. కార్యక్రమం చివర్లో అతిథి జూడ్ లా పక్కన నిలబడి, తన వాద్యబృందం తప్పు పాట అందుకుందని చెప్పింది. జీర్ణరసాలు గొంతులోకి ఎగదన్నడం వల్ల స్వరం పోయిందనీ, అందుకే రికార్డు చేసిన గొంతు సాయం తీసుకోవలసి వచ్చిందనీ తర్వాత వివరణ వచ్చింది. ఆ రోజు ఆమె వెంట 60 మినిట్స్ అనే టీవీ వార్తా కార్యక్రమం వారి కెమెరాలు కూడా ఉండటంతో తెర వెనుక గందరగోళమూ చిత్రీకరణకెక్కింది.

ఈ ఘటనలో ఆమెను సమర్థించడానికి నాకు పెద్దగా ఏమీ కనిపించదు. గొంతు ఆమెదే కాబట్టి మిల్లీ వనీలీతో పోల్చడం అన్యాయమే. గొంతు పాడైతే సాయం తీసుకోవడమూ నేరం కాదు. కానీ పేరులోనే 'లైవ్' అని ఉన్న కార్యక్రమంలో ఆ సంగతి దాచిపెట్టి, రట్టయ్యాక మొదటి మాటగా వాద్యకారులను తప్పుపట్టడం మర్యాద అనిపించుకోదు. అదే సమయంలో, ఆ రోజు ప్రత్యక్ష ప్రసారం పేరిట రికార్డు చేసిన గొంతును నడపడానికి కార్యక్రమ నిర్వాహకులు అనుమతించారా, లేక వారికి తెలియకుండా జరిగిందా అన్న ప్రశ్న మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా ఉండవలసింది. చిందు గురించి మాత్రం మూడు వాక్యాలున్నాయి.

వేదిక మీద అసలు ఏం జరుగుతుందో కొంచెం వివరిస్తే పాఠకులకు మేలు. నేటి పెద్ద పాప్ ప్రదర్శనలో పూర్తిగా అప్పటికప్పుడు పాడటం, పూర్తిగా పెదవులు కదపడం అనే రెండు చివరల మధ్య చాలా మెట్లున్నాయి. వాద్యాల్లో కొన్నీ, సహగాయకుల గొంతులూ రికార్డు నుంచి వస్తాయి, దాన్ని బ్యాకింగ్ ట్రాక్ అంటారు. దానితో కలిసి నడవడానికి డ్రమ్మర్ చెవిలో టిక్ టిక్‌మని లయ కొట్టే క్లిక్ ట్రాక్ వినిపిస్తూ ఉంటుంది. గాయకుడికి తన గొంతూ, వాద్యాలూ చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్ ద్వారా చేరతాయి. నృత్యం చేస్తూ ఊపిరి అందని చోట ఆసరాగా ఉంటుందని గాయకుడి స్వంత గొంతునే ముందుగా పాడించి అడుగున నడుపుతారు, దీన్ని గైడ్ వోకల్ అంటారు. ధ్వని నియంత్రకుడు గాయకుడి మైకును పెంచి, అడుగున ఉన్న గొంతును తగ్గిస్తే అది నిజమైన గానం. మీటలు అటు తిప్పితే అదే ప్రదర్శన లిప్ సింక్. రెంటికీ మధ్య దూరం ఒక మీట కదిలినంత. ఆ మీట మీద వేలు గాయకుడిది కాదు.

2016 డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో మరియా కేరీకి జరిగిన అవమానం అర్థం కావాలంటే ఈ అమరిక తెలియాలి. చెవిలోని మానిటర్ పనిచేయడం లేదనీ, తనకేమీ వినబడటం లేదనీ ఆమె వేదిక మీదే చెప్పింది. చాలా భాగం పాడకుండానే అటూ ఇటూ నడిచింది, జనాన్ని పాడమంది. ఆ తర్వాతి పాటలో ఆమె మైకును దించేసినా గొంతు మాత్రం ఆగకుండా వినబడింది. ఆమె ప్రతినిధులు నిర్వాహకులను నిందించారు, కార్యక్రమాన్ని నిర్మించిన సంస్థ కావాలని చెడగొట్టామన్న ఆరోపణను తోసిపుచ్చింది. ఎవరి మాట నిజమైనా, నాకు ఆసక్తికరమైన విషయం ఒకటుంది. చెవిలో ఏమీ వినబడని గాయని, వాద్యఘోష మధ్య శ్రుతిలో పాడటం ఎంత పెద్ద గొంతు ఉన్నా దాదాపు అసాధ్యం. ఆమె నోరు మూసుకున్నా గొంతు వినబడటం అంటే ఆ పాటకు ముందు నుంచే పూర్తి గొంతు రికార్డు సిద్ధంగా ఉందని అర్థం. మొదటిది పరికరం చేసిన ద్రోహం, రెండవది నిర్వాహకులకూ ఆమెకూ తెలిసి జరిగిన ఏర్పాటు. మీ వ్యాసం రెంటినీ కలిపేసింది. మరుసటి ఏడాది అదే రాత్రి, అదే వేదిక మీద ఆమె మళ్లీ నిలబడి పాడింది. పాటల మధ్య వేడి టీ ఏదని ఆమె అడగడం ఆ ఏడాది ఛలోక్తిగా మిగిలింది. గొంతు కాచుకునే మనిషి అడగవలసినదే అడిగింది, అందులో నవ్వడానికేముందో నాకు బోధపడలేదు.

మీ వ్యాసంతో నాకు పూర్తిగా పేచీ ఉన్నది బియాన్సే విషయంలో. 2013 జనవరి 21న బరాక్ ఒబామా రెండో ప్రమాణ స్వీకార సభలో ఆమె ఆలపించిన అమెరికా జాతీయ గీతం ముందుగా రికార్డు చేసినదే. జనవరి 31న న్యూ ఓర్లియన్స్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో తన ప్రదర్శనకు ముందు జరిగిన విలేకరుల సమావేశంలో ఆమె ఏ ప్రశ్నా రాకముందే అందరినీ లేచి నిలబడమని కోరి, వాద్యాల తోడు లేకుండా అదే గీతం పాడింది. ఆ తరువాత, వాద్యబృందంతో సాధన చేసేందుకు సమయం చాలనందున రికార్డింగుతో కలిసి పాడానని దాపరికం లేకుండా చెప్పింది. పెదవులు కదిపిన గాయకుల చరిత్రలో ఇంత సూటి జవాబు మరొకటి నాకు తెలియదు. అటువంటి మనిషిని పిలాటస్ పక్కన నిలబెట్టడం ఏ కొలమానం ప్రకారం?

ఆరుబయట పెద్ద వేడుకల్లో రికార్డింగు వాడటానికి బలమైన కారణాలున్నాయి. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వంద మీటర్ల దూరంలోని స్పీకర్ నుంచి వచ్చే తన గొంతే గాయకుడికి దాదాపు మూడో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యంతో లయ తప్పకుండా పాడటం ఎంత కష్టమో స్టేడియంలో మైకు పట్టుకున్నవారికి తెలుస్తుంది. 1991 సూపర్ బౌల్‌లో విట్నీ హ్యూస్టన్ పాడిన జాతీయ గీతాన్ని నేటికీ ఎంతోమంది అత్యుత్తమమైనదిగా చెప్పుకుంటారు. ఆ రోజు టాంపా స్టేడియంలో మోగింది ముందే రికార్డు చేసిన గొంతే. చలి మరో శత్రువు. 2009లో ఒబామా మొదటి ప్రమాణ స్వీకారం నాడు గడ్డకట్టే చలిలో తంత్రులు శ్రుతి నిలుపుకోలేవన్న భయంతో, యో-యో మా, ఇట్జాక్ పెర్ల్‌మన్ వంటి మహా విద్వాంసులే రెండు రోజుల ముందు చేసిన రికార్డింగుకు అనుగుణంగా వాయించారు. 2006 ఫిబ్రవరిలో టురిన్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో లూచియానో పవరొట్టి పాడిన ఒపేరా గీతమూ అంతే. చలికి తోడు అనారోగ్యం. ఆ వేడుకలో వాద్యబృందం సైతం వాయిస్తున్నట్టు నటించిందని, పవరొట్టి మరణించాక 2008లో, నాటి సంగీత నిర్దేశకుడు లియోనే మజీరా వెల్లడించాడు. అదే ఆ మహా గాయకుడి చివరి బహిరంగ ప్రదర్శన. ఈ కారణాలేవీ నాకు ఆక్షేపణీయంగా తోచవు. ఆక్షేపణ అల్లా, ఆ మాట వేడుకకు ముందే చెబితే పోయేదేమిటన్నదే. యో-యో మా బృందం సంగతి కొద్ది రోజులకే అధికారికంగా తెలిసింది, ఎవరూ వారిని ఎగతాళి చేయలేదు.

ఒలింపిక్స్ వేదికపైనే మరోసారి జరిగిన ఒక ఘటనకు మాత్రం నేను ఏ సాకూ అంగీకరించలేను. 2008 ఆగస్టులో బీజింగ్ ప్రారంభోత్సవంలో దేశభక్తి గీతం పాడుతూ కనిపించిన బాలిక లిన్ మియావోకె వయసు తొమ్మిదేళ్లు. ప్రపంచానికి వినబడిన గొంతు ఏడేళ్ల యాంగ్ పెయీది. గొంతు ఒకరిదీ, ముఖం మరొకరిదీ ఎంచుకుని, దేశ ప్రతిష్ఠ కోసమే అలా చేశామని సంగీత పర్యవేక్షకుడు చెన్ చిగాంగ్ తర్వాత రేడియోలో చెప్పాడు. మార్తా వాష్‌కు జరిగిన అన్యాయమే ఇక్కడ పాలబుగ్గల పిల్లకు జరిగింది. ఒక పిల్ల అందానికీ, మరో పిల్ల గొంతుకూ పెద్దలు వేరువేరుగా వెల కట్టారు. మీ వ్యాసం దీన్ని కూడా 'దొరికిపోయిన' సందర్భాల్లో చేర్చింది. ఆ పిల్లల్లో ఎవరు ఎవరికి దొరికిపోయారో చెప్పగలరా?

పెదవులు కదపడమే నియమంగా ఉన్న టీవీ కార్యక్రమాల గురించి మీ వ్యాసంలో లేని మంచి ఉదాహరణ ఒకటి చెబుతాను. 1988లో బ్రిటన్‌లోని టాప్ ఆఫ్ ది పాప్స్ కార్యక్రమంలో ఆల్ అబౌట్ ఈవ్ బృందం స్టూడియోలో తమకు పాట వినబడక, మొదలవుతుందని ఎదురుచూస్తూ కూర్చుంది. ఇళ్లలో ప్రేక్షకులకు మాత్రం పాట చక్కగా వినబడుతోంది, తెర మీద గాయని జూలియాన్ రీగన్ పెదవి కదపకుండా కూర్చునే ఉంది. తప్పు తమవైపు జరిగింది గనుక నిర్వాహకులు మరుసటి వారం ఆ బృందాన్ని మళ్లీ పిలిచారు, అప్పుడు వారు నిజంగానే పాడారు. ఇలాంటి నియమాల మీద విసుగెత్తి 1991లో అదే వేదికపై నిర్వాణ బృందపు కర్ట్ కొబేన్ గొంతును బాగా దించి, వాద్యాలు రికార్డువేనని అందరికీ తెలిసేలా గిటారు మీద చేయి ఊరికే ఆడించాడు. 2009లో ఇటలీ టీవీలో మ్యూజ్ బృందం వాద్యాలు తారుమారు చేసుకుని, గాయకుడు డ్రమ్ముల దగ్గర కూర్చున్నాడు. ఈ ఆకతాయితనం నాకు ఎంతో నచ్చింది. శ్రోతకు నిజం చెప్పడానికి వారికి మిగిలిన దారి అదొక్కటే.

దీనికి చట్టం చేయాలని కొన్ని దేశాలు అనుకున్నాయి. తుర్క్‌మెనిస్తాన్ అధ్యక్షుడు నియాజోవ్ 2005లో రికార్డు గొంతుతో పాడటాన్నే నిషేధించాడు. చైనాలోనూ వాణిజ్య ప్రదర్శనల్లో పెదవులు కదిపి ప్రేక్షకులను మోసగించరాదన్న నిబంధన 2005 నాటికే ఉంది. అది అమల్లో ఉండగానే బీజింగ్ వేడుక జరిగింది. నిషేధాల మీద నాకు నమ్మకం లేదు. రెండు గంటలు ఎగురుతూ నర్తిస్తూ ప్రతి స్వరమూ అప్పటికప్పుడే పాడాలని కోరడం కూడా న్యాయం కాదు. నృత్యం కోసమే టికెట్ కొనేవారూ ఉంటారు. 2009లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర మంత్రి ఒకరు, గొంతు రికార్డుదైతే ఆ సంగతి టికెట్ కొనేవారికి ముందే తెలియాలన్న ఆలోచనను బయటపెట్టారు. నాకు అదే సబబనిపిస్తుంది. ఐరోపా దేశాల పాటల పోటీ యూరోవిజన్‌ను చూడండి. ప్రధాన గాత్రం వేదిక మీదే పాడి తీరాలని అక్కడ నియమం. సహగానానికి రికార్డింగు వాడుకోవచ్చని 2021 నుంచి వెసులుబాటు ఇచ్చారు. ఆ మార్పు నచ్చనివారు ఉన్నా, నియమం బహిరంగంగా ఉంది గనుక ఎవరూ ఎవరినీ 'పట్టుకోవలసిన' అవసరం రాలేదు.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. ఇలాంటి ఘటన మళ్లీ ఎక్కడ జరిగినా, ఆ కొన్ని సెకన్ల దృశ్యాన్ని వర్ణించడంతో ఆగక, ధ్వని ఏర్పాట్లు ఎవరివి, రికార్డింగు వాడాలని నిర్ణయించినదెవరు, టికెట్ అమ్మినప్పుడు ఏమని చెప్పారు అన్న వివరాలు నిర్వాహకులను అడిగి ప్రచురించండి, వారు జవాబివ్వకపోతే ఆ సంగతీ రాయండి. అలాగే, కచేరీలను సమీక్షించేటప్పుడు ప్రధాన గాత్రం వేదిక మీదే పాడినదో కాదో ఒక్క మాటలో తెలియజేయమని మీ సమీక్షకులకు సూచించండి. మీ వ్యాసానికి కొనసాగింపు రాసే ఉద్దేశం ఉంటే, అందులో మార్తా వాష్‌కూ, యాంగ్ పెయీకీ, ఫారియన్ కోసం పాడినా పేరు దక్కని ఆ గాయకులకూ చోటు ఇస్తారని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు